బయూ తీరపు ఊళ్లు – 3: స్కొలాస్టిక్ గీయించిన పట్నం

1829 ఆగస్టు 5. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ మార్టిన్ పారిష్. (అక్కడ జిల్లాను పారిష్ అంటారు.) బయూ టెష్ అనే నిదానపు ఏటి ఒడ్డున, తన పొలంలో ఒక పట్నం వెలవబోతోందని ముప్పై మూడేళ్ల వితంతువు ఒకామె ఆ రోజు కాగితం మీద ప్రకటించింది. ఫ్రెంచి భాషలో ఆ కాగితం తల మీద రాసిన మాటలకు అర్థం ‘బ్రో వాళ్ల వంతెన పట్నపు ప్లాను’ అని. వీధులు ఎటు నుంచి ఎటు సాగుతాయో, ఇళ్ల స్థలాల హద్దులేమిటో, చర్చికి ఎక్కడ చోటు వదిలారో, బడికి ఎక్కడ వదిలారో, వాటన్నిటికీ ఆధారమైన వంతెన ఎక్కడుందో అందులో వివరంగా గీసి ఉంది. ఆమె పేరు స్కొలాస్టిక్ పికూ బ్రో. ఐదుగురు పిల్లల తల్లి.

ఊళ్ల పుట్టుక గురించి చెప్పేటప్పుడు మొదటి మేయరు ఎవరని అడగడం ఆనవాయితీ. స్కొలాస్టిక్ గీయించిన ఈ పట్నం, నేటి బ్రో బ్రిడ్జ్ విషయంలో ఆ ప్రశ్న అడిగితే అసలు మనిషి తప్పిపోతుంది. ఊరికి పురపాలక హోదా వచ్చింది 1859లో, అంటే ప్లాను గీసిన ముప్పై ఏళ్లకు. ఆ కుర్చీలో కూర్చునే మాట అటుంచి, దానికి ఎవరిని ఎన్నుకోవాలో చెప్పే ఓటు కూడా ఏ ఆడమనిషికీ లేని కాలం అది. స్త్రీల ఓటుహక్కు అమెరికా రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో. ఆ సవరణను అప్పట్లో తోసిపుచ్చిన లూసియానా శాసనసభ, దానికి లాంఛనంగా ఆమోదం తెలిపింది 1970లో. ఏ ఊరికైనా మొదటి మేయరు ముందుగా పెట్టుకునే పనులు ఏమిటి? వీధులు తీయడం, స్థలాలు విడగొట్టడం, బడికీ చర్చికీ జాగా కేటాయించడం, నలుగురిని పిలిచి నిలబెట్టుకోవడం. ఏ పదవీ లేకుండా స్కొలాస్టిక్ అవన్నీ చేసింది. అందుకే ఈ భాగం ఆమెది.

ఆమె పొలం దాకా రావాలంటే ముందు ఆమె అత్తింటివాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. నేటి కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియా ప్రాంతంలో 1600ల మొదటి రోజుల నుంచే ఫ్రెంచి రైతులు కాపురముంటూ వచ్చారు. ఆ నేలకు అకేడీ అని పేరు, వాళ్లకు అకేడియన్లని పేరు. సముద్రపు పోటు ఎక్కి వచ్చే ఉప్పు భూములకు మట్టికట్టలు కట్టి, వాటి అడుగున తలుపు తూములు పెట్టారు. ఆటు వేళ లోపలి నీరు బయటికి పోతుంది, పోటు వేళ తూము దానంతట అదే మూసుకుంటుంది. రెండు మూడు ఏళ్లు వాన కడిగాక ఆ చవిటి నేలే మంచి మాగాణి అయ్యేది. 1713 నాటి యుట్రెక్ట్ ఒప్పందంతో ఆ ప్రాంతం బ్రిటిషు వాళ్ల పాలైంది. ఫ్రాన్సుతో యుద్ధం వస్తే ఈ రైతులు ఎటు తిరుగుతారోనన్న అనుమానం పాలకులను నాలుగు దశాబ్దాలు పీడించింది. షరతులు లేని విధేయతా ప్రమాణం చేయమన్నారు. తమ వాళ్ల మీదే తుపాకీ పట్టే పరిస్థితి రాకూడదని రైతులు ఒప్పుకోలేదు.

1755 సెప్టెంబరు 5న గ్రాన్-ప్రే చర్చిలోకి పెద్దమనుషులనూ పదేళ్లు దాటిన మగపిల్లలనూ రమ్మని కబురు పెట్టారు. 418 మంది వచ్చారు. తలుపులు మూసి, కల్నల్ జాన్ విన్‌స్లో ఉత్తర్వు వినిపించాడు: భూములు, ఇళ్లు, పశువులు రాజు పరం, మనుషులు దేశం బయటికి. తర్వాతి ఎనిమిదేళ్లలో పదివేల మందికి పైగా అకేడియన్లను ఓడలెక్కించి పంపేశారు. మసాచుసెట్స్ నుంచి జార్జియా వరకు బ్రిటిషు కాలనీల్లో వాళ్లను వెదజల్లారు. వర్జీనియా అయితే దించుకోవడానికే ఒప్పుకోక వాళ్లను ఇంగ్లండుకు తరిమింది. మశూచి, ఓడ ప్రమాదాలు వేలమందిని మింగాయి. భార్య ఒక ఓడలో, భర్త ఇంకో ఓడలో పోయిన సంసారాలు లెక్కలేనన్ని.

అలా చెదిరినవాళ్లలో ఒక గుంపు 1765 ఫిబ్రవరిలో న్యూ ఓర్లీన్స్ రేవుకు చేరింది. సుమారు రెండువందల మంది. నాయకుడు జోసెఫ్ బ్రూసార్, అందరూ పిలిచే పేరు బోసొలేయ్. బ్రిటిషు సైన్యంతో ఏళ్ల తరబడి అడవుల్లో పోరాడి, చివరికి హాలిఫాక్స్‌లో బందీగా ఉండి, విడుదలయ్యాక దక్షిణానికి బయల్దేరినవాడు. లూసియానా అప్పటికే రహస్య ఒప్పందం మీద స్పెయిన్ చేతికి పోయింది, అయినా పాలన ఇంకా ఫ్రెంచి అధికారుల చేతనే నడుస్తోంది. వాళ్లు ఈ గుంపును పడమటి పచ్చికబయళ్లకు, అటాకపా జిల్లాకు పంపారు.

ఏప్రిల్ 4న ఒక ఒప్పందం రాసుకున్నారు. ఆ ప్రాంతంలో పెద్ద ఎత్తున పశువులున్న ఆంటోయిన్ బెర్నార్ డోట్రీవ్ ఒక్కో కుటుంబానికి ఐదు ఆవులు, వాటి దూడలు, ఒక ఆబోతు ఇస్తాడు. ఆరేళ్లు మేపాలి. గడువు తీరాక మొదటిచ్చిన పశువులు ఆయనకు తిరిగివ్వాలి, పెరిగిన మందలో సగం పెంచినవాళ్లకు. ఇల్లూ వాకిలీ పోయి పదేళ్లు తిరిగిన జనానికి పాలివ్వడానికి ఒక మనిషి దొరకడమంటే చిన్న సంగతి కాదు. కానీ వేసవి తిరగకుండానే రోగం వచ్చి పడింది. ఆ అక్టోబరులో బోసొలేయ్ కూడా పోయాడు. మిగిలినవాళ్లు టెష్ ఒడ్డునే నిలిచిపోయారు. అకేడియన్ అన్న మాటే నోళ్లలో నలిగి కేజన్ అయింది.

ఒడ్డునే ఎందుకంటే నేల స్వభావం అలాంటిది. వేల ఏళ్ల కిందట మిసిసిపీ మహానది ఈ దారినే పారింది. తర్వాత అది తూర్పుకు జరిగిపోతే, వదిలేసిన పాత పడకలో మిగిలిన చిన్న ఏరే టెష్. పెద్ద నది తన వరదలతో పోసి పెట్టిన ఒండ్రు గట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. చుట్టూ చిత్తడి, దోమలూ మొసళ్లూ ఉండే సైప్రస్ అడవి, మధ్యలో రెండు పక్కలా ఎత్తైన సారవంతమైన మెరక. మనిషి ఇల్లు కట్టుకోగలిగిందీ బండి నడిపించగలిగిందీ ఆ మెరక మీదే. అందుకే భూములను కూడా ఏటికి అడ్డంగా సన్నటి పట్టీలుగా కొలిచేవారు. ముందు భాగం ఏటి మీద కొన్ని ఆర్పెంట్లు, వెనక్కి నలభై ఆర్పెంట్లు. ఆర్పెంటు అంటే సుమారు 192 అడుగులు, కాబట్టి ఒక్కో పట్టీ వెనక చిత్తడి దాకా రెండు కిలోమీటర్లకు పైగా సాగేది. ఈ పద్ధతిలో అందరికీ నీటి రేవు దక్కుతుంది, కాస్త మెరక దక్కుతుంది, వంటచెరకు అడవి దక్కుతుంది. ఇళ్లన్నీ ఏటి వెంట ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయి. ఊరంటూ ఒక నడిబొడ్డు మాత్రం ఏర్పడదు.

ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి. టెష్ వెంట అరవై ఏళ్లకు పైగా కాపురాలున్నా, చాలాచోట్ల పట్నాలు ఎందుకు పుట్టలేదో, స్కొలాస్టిక్ చేసింది ఎందుకు పెద్ద పనో ఇక్కడే తెలుస్తుంది.

1771లో ఫిర్మిన్ బ్రో అనే అకేడియన్ ఈ ఒడ్డున భూమి కొన్నాడు. అమ్మినవాడు న్యూ ఓర్లీన్స్‌లోని ఒక సంపన్న వర్తకుడు, దొరల నుంచి దానంగా పొందిన భూమి అది. నేటి ఊరి నడిమధ్య భాగమంతా ఆ కొనుగోలులోదే. ఏరు వెడల్పు కాదు గానీ అవతలి గట్టు మనుషులకు ఇవతలికి రావాలంటే పడవే గతి. 1799లో ఫిర్మిన్ తన ఇంటివాళ్ల కోసం, ఇరుగుపొరుగు కోసం ఒక కాలి వంతెన వేయించాడు. తాళ్లూ పలకలూ కలిపి కట్టిన వేలాడే వంతెన అదనీ, గట్ల మీది పెద్ద ఓక్ చెట్లకు దాన్ని బిగించారనీ ఊరివాళ్లు చెప్పుకుంటారు. కొత్తవాళ్లకు దారి చెప్పేటప్పుడు బ్రో వంతెన దాకా పోయి అక్కణ్ణుంచి ఇలా తిరగండి అనడం అలవాటైంది. పేరు అలా పుట్టింది.

ఫిర్మిన్ కొడుకు, స్కొలాస్టిక్ భర్త అగ్రికోల్ 1817లో బళ్లు పోయే వంతెన కట్టాడు. అప్పటికి లోకం మారింది. 1803లో నెపోలియన్ లూసియానాను అమెరికాకు అమ్మేశాడు, 1812లో అది రాష్ట్రమైంది. తాళ్ల వంతెన మీద నడిచే మనిషి నెత్తిన మోయగలిగినంతే మోస్తాడు. బండి పోగలిగితే పత్తి మూటలు, మొక్కజొన్న, చక్కెర పీపాలు, కట్టె దుంగలు రెండు గట్ల మధ్యా కదులుతాయి. వంతెన కాడ బండి ఆగుతుంది, ఆగిన చోట బేరం పుడుతుంది. అయినా ఆ పన్నెండేళ్లలో అది బ్రో వాళ్ల పొలంలోని వంతెనగానే ఉంది. చుట్టూ ఉన్న నేలంతా ఒకే కుటుంబం పట్టీ. ఎవడైనా కొట్టు పెట్టుకోవాలన్నా, కమ్మరి కొలిమి వేసుకోవాలన్నా అడుగు జాగా సొంతానికి దొరకదు.

అగ్రికోల్ చనిపోయాడు.

ఇక్కడ చట్టం సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథకు ఇరుసు అదే. అమెరికాలో తక్కిన రాష్ట్రాల్లో నడిచింది ఇంగ్లండు నుంచి వచ్చిన చట్టం. దాని ప్రకారం భర్త పోయిన స్త్రీకి మామూలుగా దక్కేది, ఆయన భూమిలో మూడో వంతు మీద బతికినన్నాళ్లు అనుభవించే హక్కు. అమ్ముకునే హక్కు కాదు. లూసియానాది ఫ్రెంచి, స్పానిషు సంప్రదాయాల నుంచి దిగిన సివిల్ కోడ్. 1808లో ఒకసారి, 1825లో మరింత విస్తారంగా దాన్ని అచ్చువేశారు. అందులో పెళ్లయ్యాక ఆలుమగలు సంపాదించిన ఆస్తి ఇద్దరి ఉమ్మడి. ఒకరు పోతే సగం రెండోవారికి సొంతంగా వస్తుంది, అమ్ముకోవచ్చు, కుదువ పెట్టుకోవచ్చు. పోయినవారి సగం పిల్లలకు చెందుతుంది. పిల్లలను ఆస్తికి దూరం చేయడం తండ్రికైనా కుదరదు. మైనర్ పిల్లల సంరక్షణ తల్లిదే, అయితే వాళ్ల వాటా అమ్మాలంటే బంధువులతో కుటుంబ సభ కూడాలి, జడ్జి ఒప్పుకోవాలి. తల్లి మళ్లీ పెళ్లాడదలిస్తే సంరక్షణ నిలుపుకోవడానికీ ఆ సభ అనుమతే కావాలి.

ఈ చట్టం స్త్రీ పక్షపాతి అని పొరబడకూడదు. భర్త బతికి ఉన్నంతకాలం ఉమ్మడి ఆస్తికి ఏకైక యజమాని, ఏలిక ఆయనే. భార్య సంతకంతో పని లేకుండా ఇల్లు తాకట్టు పెట్టగలడు. ఈ నిబంధన 1970ల చివరి దాకా లూసియానా చట్టంలో చెక్కుచెదరకుండా ఉంది. రాష్ట్రమే దాన్ని మార్చుకున్నాక, 1981లో అమెరికా సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అంటే స్కొలాస్టిక్ కాలంలో పెళ్లాడిన స్త్రీ ఉమ్మడి భూమి మీద తన ఇష్టప్రకారం నిర్ణయం తీసుకోగలిగిన దశ ఒక్కటే, వైధవ్యం. ఎంతో దుఃఖంతో వచ్చిన ఆ కొద్దిపాటి అధికారాన్ని ఎలా వాడుకోవాలన్నది ఒక్కొక్కరి తెలివి మీద ఆధారపడి ఉండేది.

చాలామంది వితంతువులు చేసే పని తెలిసిందే. కొంత భూమి ఒకే బేరంలో పెద్ద రైతుకు అమ్మేసి, ఆ డబ్బుతో పిల్లలను పెంచుకోవడం. అందులో తప్పేమీ లేదు. ఐదుగురు పిల్లలతో ఆమెకూ డబ్బు అవసరమే. కానీ పొలంగా అమ్మితే వచ్చే ధర ఒకటి, ఇళ్ల స్థలాలుగా అమ్మితే వచ్చే ధర ఇంకొకటి. మామ వేసిన దారి, భర్త కట్టిన వంతెన తన నేల మీద ఉన్నాయి, వాటి మీద నిత్యం జనం నడుస్తున్నారు. ఆ రాకపోకలను విలువగా మార్చే ఉపాయం ఆమెకు తట్టింది. నక్షా గీయించింది, స్థలాలు అమ్మకానికి ఉన్నాయని నలుగురికీ తెలిసేలా ప్రకటించింది, చుట్టుపక్కల అకేడియన్ కుటుంబాలకు ఒక్కొక్కటిగా అమ్మింది.

ఇది వట్టి వ్యాపారమే అనిపించవచ్చు. ఆ నక్షాను ఇంకొంచెం నిదానంగా చూస్తే అలా అనిపించదు. అమ్మితే డబ్బు వచ్చే జాగాలను చర్చికీ బడికీ వదిలింది. చుట్టుపక్కల చర్చి అంటే అప్పట్లో ఏటి కిందుగా ఉన్న సెయింట్ మార్టిన్‌విల్. జ్ఞానస్నానానికీ పెళ్లికీ అంత్యక్రియలకూ అంత దూరం పోవాలి. బడి సంగతి చెప్పనే అక్కర్లేదు. వలసవచ్చిన తరాల్లో చాలామందికి సంతకం పెట్టడం రాదు, నిశానీ గీతలే. అలాంటి చోట 1829లో ఒక తల్లి పట్నం గీయించేటప్పుడు బడికి గడి గీయించిందంటే, ఇక్కడ పిల్లలు పెరగాలని ఆమె మనసులో ఉన్నట్టే కదా. ఏటి వెంట వరసగా సాగిపోయే పట్టీ భూముల లెక్కను మార్చి, ఒకదాన్నొకటి కోసుకునే వీధులతో ఒక నడిబొడ్డును ఆమె తయారుచేసింది. మామ, మగడు మనుషులను ఏరు దాటించారు. దాటి వచ్చినవాళ్లు ఆగి ఉండిపోయే చోటును ఇచ్చింది ఆమె. ఊరి పుట్టిన తేదీగా ఊరివాళ్లు 1771నీ 1799నీ వదిలి 1829నే పట్టుకోవడం చాలా న్యాయం.

దీనికొక చీకటి పక్క ఉంది, దాన్ని దాటవేసి ఈ కథ చెప్పడం తప్పవుతుంది. 1795లో న్యూ ఓర్లీన్స్ దగ్గర ఎతియెన్ ద బోరె చెరకు రసం నుంచి చక్కెర పలుకులు తీయడంలో లాభం చూపించాక, లూసియానా దక్షిణ ప్రాంతంలో చెరకు పాకుతూ వచ్చింది. టెష్ గట్ల విలువ పెరగడానికి ఒక కారణం అదే. ఆ చెరకు నాటిందీ నరికిందీ రాత్రింబవళ్లు పొయ్యిల దగ్గర కాగబెట్టిందీ బానిసలైన ఆఫ్రికా సంతతి మనుషులు. అంతర్యుద్ధం ముందునాటికి సెయింట్ మేరీ, సెయింట్ మార్టిన్ పారిష్‌లలో జనాభాలో సగానికి మించి వాళ్లే. దేశం నుంచి తరమబడి, కుటుంబాలు చీలిపోయి వచ్చిన అకేడియన్ల మనవలు కొందరు రెండు తరాలు తిరిగేసరికి ఇంకొకరి కుటుంబాలను చీల్చి కొనే స్థితికి వచ్చారు. నక్షాలో స్థలం కొనుక్కునే హక్కు ఆ మనుషులకు లేదు. అయినా ఊరి నోటిలో వాళ్ల గొంతు చెరగని ముద్ర వేసింది. ఫ్రెంచి మాటలతో, ఆఫ్రికన్ల చేతుల్లో రూపుదిద్దుకున్న లూసియానా క్రియోల్ భాష నేటికీ మాట్లాడే కొద్ది చోట్లలో సెయింట్ మార్టిన్ పారిష్ ముఖ్యమైనది. శనివారం పూట బ్రో బ్రిడ్జ్ వచ్చినవాళ్లను నృత్యంలోకి లాగే జైడికో సంగీతం ఆ క్రియోల్ నల్లవారిది.

ఊరి తర్వాతి కథ నెమ్మదిగానే సాగింది. 1847లో సెయింట్ బెర్నార్డ్ పేరుతో ఊరికి సొంత చర్చి పారిష్ ఏర్పడింది. 1859లో పురపాలక హోదా. అంతర్యుద్ధం నడుమ, 1863 ఏప్రిల్‌లో జనరల్ బ్యాంక్స్ నడిపిన యూనియన్ (ఉత్తరాది) సైన్యం టెష్ వెంట పైకి వచ్చింది. 1880లో న్యూ ఓర్లీన్స్ నుంచి టెక్సాస్ వైపు సాగిన రైలుదారి పడమటి పక్కనున్న వెర్మిలియన్‌విల్ మీదుగా పోయింది. నాలుగేళ్లకు లఫాయెట్ అని పేరు మార్చుకున్న ఆ ఊరు పెద్ద నగరమైంది. బ్రో బ్రిడ్జ్ చిన్నదిగానే మిగిలింది. 1927 మేలో అచాఫలాయా నది కట్టలు తెగి మిసిసిపీ మహా వరద టెష్ ఊళ్లను ముంచినప్పుడు, వేల ఏళ్ల నాటి మెరక కూడా కాపాడలేకపోయింది.

ఈలోగా అకేడియన్ల కథకు లోకంలో ఒక ముఖం దొరికింది. అది స్కొలాస్టిక్‌ది కాదు. 1847లో హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో అనే మసాచుసెట్స్ కవి ‘ఎవాంజెలీన్’ కావ్యం అచ్చువేశాడు. నిశ్చితార్థపు విందు నాడే ప్రియుడికి దూరమై, జీవితమంతా అతణ్ణి వెతుక్కునే అకేడియన్ కన్య కథ అది. లాంగ్‌ఫెలో లూసియానాలో అడుగు పెట్టలేదు. అయినా బ్రో బ్రిడ్జ్‌కు కాస్త దూరంలోని సెయింట్ మార్టిన్‌విల్‌లో ఎవాంజెలీన్ పేర ఒక ఓక్ చెట్టు వెలసింది. 1929లో ఆ కథను సినిమా తీశాక, నాయిక వేషం వేసిన డొలోరెస్ డెల్ రియో పోలికలతో చర్చి ఆవరణలో విగ్రహం నిలిపారు. 1934లో లూసియానా తన మొట్టమొదటి స్టేట్ పార్కును కూడా ఆమె పేర, కవి పేర తెరిచింది. కల్పిత స్త్రీ కన్నీళ్లకు అంత ఆదరణ దొరకడం అర్థం చేసుకోదగిందే. చెదిరిన జాతికి దుఃఖాన్ని ఒకచోట పెట్టుకోవడానికి ఒక బొమ్మ కావాలి. అయితే అదే ఏటి పైభాగాన, ప్రియుడి కోసం కాదు, పిల్లల కోసం నిలబడి, ఎదురుచూడకుండా కొలతబద్ద పట్టిన నిజమైన స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు పారిష్ పొలిమేర దాటి వినబడలేదు.

ఇరవయ్యో శతాబ్దం ఈ జనానికి ఇంకో పరీక్ష పెట్టింది. 1921 నాటి లూసియానా రాజ్యాంగం బళ్లలో చదువు ఇంగ్లీషులోనే జరగాలంది. ఇంట్లో ఫ్రెంచి తప్ప రాని పిల్లలు బడి ఆవరణలో ఒక్క ఫ్రెంచి మాట అన్నా దెబ్బలు తిన్నారు, మళ్లీ అననని పలక నిండా రాశారు. ఆ పిల్లలు పెద్దవాళ్లై, తమ బిడ్డలకు ఆ బాధ వద్దని ఇంట్లోనూ ఫ్రెంచి మానేశారు. స్కొలాస్టిక్ తన నక్షాలో బడికి వదిలిన గడి నూరేళ్లు తిరక్కుండానే ఆమె భాషకే తలుపు మూసింది. 1968లో మాజీ కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ డొమాంజో పూనికతో రాష్ట్రం ఫ్రెంచి అభివృద్ధి మండలిని ఏర్పాటుచేసింది. బెల్జియం, ఫ్రాన్స్, క్విబెక్‌ల నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. కోల్పోయిన రెండు తరాలు మాత్రం తిరిగి రాలేదు.

బడిలో నోరు నొక్కినా పాటలో నొక్కలేకపోయారు. 1928 ఏప్రిల్‌లో న్యూ ఓర్లీన్స్‌లో కొలంబియా కంపెనీ మొదటి కేజన్ రికార్డు తీసింది. అకార్డియన్ పట్టి పాడింది జో ఫాల్కన్. పక్కన గిటారు వాయించింది ఒక యువతి, పేరు క్లెయోమా బ్రో. అదే ఇంటిపేరు. నలుగురిలో గిటారు పట్టి కూర్చోవడమే ఆడపిల్లకు తగని పని అనుకునే రోజులు అవి.

బ్రో బ్రిడ్జ్‌ను లోకానికి పరిచయం చేసింది మాత్రం క్రాఫిష్. పీతకున్నట్టు డెక్కలు, రొయ్యకున్నట్టు తోక ఉండే మంచినీటి జీవి. వరద నీళ్లు దిగే వేళ అచాఫలాయా చిత్తడిలో గంపలకొద్దీ దొరికేది. డబ్బులేని ఇళ్ల తిండి, ఉపవాస దినాల్లో మాంసం ముట్టని కాథలిక్కుల తిండి. ఇంట్లో తింటారు గానీ నలుగురిలో చెప్పుకోరు. ఆ సిగ్గు విడిచి మెనూ కార్డు మీద క్రాఫిష్ అని బాహాటంగా మొదట అచ్చువేసింది తమ హోటళ్లేనని బ్రో బ్రిడ్జ్ వాళ్లు అంటారు. ఉల్లిపాయలు, వెన్న, క్రాఫిష్ తలలోని పసుపు కొవ్వు కలిపి సన్నసెగ మీద మగ్గబెట్టి, వేడి అన్నం మీద వడ్డించే ఎటూఫే తమ ఊరి పొయ్యి మీదే పుట్టిందని కూడా అంటారు.

1959లో పురపాలక హోదాకు నూరేళ్లు నిండాయి. ఆ సందర్భంగా లూసియానా శాసనసభ బ్రో బ్రిడ్జ్‌ను ప్రపంచ క్రాఫిష్ రాజధానిగా ప్రకటించింది, అదీ ఫ్రెంచి మాటల్లోనే. శతజయంతి వేడుక బాగా జరిగేసరికి, మరుసటి ఏడు దాన్నే క్రాఫిష్ పండుగగా మొదలుపెట్టారు. ఏటా మే మొదటి వారాంతంలో అది నేటికీ జరుగుతోంది. 1973లో అచాఫలాయా చిత్తడి మీదుగా 29 కిలోమీటర్ల పొడవైన జంట వంతెనలు తెరిచాక, ఇంటర్‌స్టేట్ 10 రహదారి ఊరి అంచునే సాగిపోయింది. రైలు పక్కనుంచి తప్పించుకుపోయిన ఊరికి తొంభై ఏళ్ల తర్వాత కారులో అతిథులు వచ్చారు.

రైతులకూ ఇందులో పాలుంది. ఎండాకాలం వరి పండిస్తారు, ఆగస్టులో కోస్తారు. శరదృతువులో అదే మడికి మళ్లీ నీరు పెడితే మట్టిలో బొరియలు చేసుకున్న తల్లి క్రాఫిష్‌లు పిల్లలతో బయటికి వస్తాయి. వరి దుబ్బుల మీద పెరిగేదే వాటి తిండి. చలికాలం నుంచి వసంతం చివరి దాకా వలబుట్టలతో పడతారు. అమెరికా క్రాఫిష్‌లో సుమారు తొంభై శాతం లూసియానాదే. దీనికి ఒక విచిత్రమైన మలుపు కూడా ఉంది. 1927లో పెంపకపు కప్పలకు మేతగా ఈ జీవిని లూసియానా నుంచి జపానుకు తీసుకెళ్లారు, అక్కణ్ణుంచి అది చైనా చేరింది. అక్కడ ఎంతగా పెరిగిందంటే, 1990లలో ఒలిచిన చవక తోకలై అమెరికా అంగళ్లకే తిరిగొచ్చింది. లూసియానా ఒలుపు కేంద్రాలు మూతబడుతుంటే, 1997లో ప్రభుత్వం చైనా సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం వేయాల్సి వచ్చింది. ఇవాళ ఉత్పత్తిలో చైనాదే పైచేయి. రాజధాని అన్న బిరుదు బ్రో బ్రిడ్జ్‌కు ఇక తూకంతో వచ్చేది కాదు, వంటతో నిలిచేది.

2020 లెక్కల్లో ఊరి జనాభా సుమారు 7,500. ఏటి మీద ఇప్పుడున్నది పైకి లేచే ఉక్కు వంతెన, దాని మీద క్రాఫిష్ బొమ్మ. ఫిర్మిన్ వంతెనా అగ్రికోల్ వంతెనా ఎప్పుడో పోయాయి. వంతెన చెడితే మార్చారు, మళ్లీ చెడితే మళ్లీ మార్చారు. వంతెన దగ్గరి పాత వీధుల్లో కొట్లు, భోజనశాలలు, బస ఇళ్లు నడుస్తున్నాయి. 1829లో ఆమె వేసిన అడుగు వల్లే ఆ నేల ఒక ఇంటి పొలం నుంచి నలుగురి వీధి అయింది. ఊరిపేరు మాత్రం వంతెనదీ, వంతెన కట్టిన ఇంటిదీ. ఆ ఇంటిపేరు ఆమెకు పెళ్లితో వచ్చింది. పికూ అన్న పుట్టింటి పేరు ఊరి పలక మీద ఎక్కడా కనబడదు. ఊరి చరిత్ర చెప్పేవాళ్లు మాత్రం ఫిర్మిన్, అగ్రికోల్‌ల తర్వాత ఆమె పేరు తప్పక చెబుతారు, స్థాపకురాలు అన్న మాటతోనే చెబుతారు.

వచ్చే భాగంలో ఇంకో స్థాపకుడు, ఒక తగవు. తన చర్చి ధర్మకర్తలతో పొసగక వెర్మిలియన్‌విల్ నుంచి చూపు మళ్లించిన ఫ్రెంచి ఫాదరీ ఆంటోయిన్ డెజిరే మెగ్రే, 1843 జూలై 25న వెర్మిలియన్ బయూ ఒడ్డున 900 డాలర్లకు భూమి కొన్నాడు. అక్కడి ఒక పాత ఇంటినే ప్రార్థనా మందిరంగా మార్చి, చుట్టూ ఫ్రెంచి గ్రామం తీరున చతురస్రాలు గీశాడు. ఆ ఊరి పేరు ఆబెవిల్.